ఎడమ నుంచి రెండో మనిషి

చరిత్ర చెప్పే పంతులమ్మ లియోంగ్ యోక్ పెంగ్ తరగతి మీద నాకు వచ్చిన మొదటి ఫిర్యాదు నిశ్శబ్దం గురించి. పక్కగదిలో లెక్కలు చెప్పే మాస్టరు వచ్చి, అక్కడ ముప్పైమంది పిల్లలున్నా ఎంతసేపటినుంచో చప్పుడు లేదనీ, తనకు భయంగా ఉందనీ చెప్పాడు. రెండో ఫిర్యాదు మరుసటి వారం వచ్చింది. అది నవ్వుల గురించి. ప్రధానోపాధ్యాయుడిగా రెండింటినీ విచారించవలసిన బాధ్యత నాది కనుక, ఒక ఉదయం వెళ్లి ఆ గదిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను.

నల్లబల్లకు ఒక పెద్ద ఫోటో తగిలించి, దాన్ని నాలుగు అట్టముక్కలతో కప్పి ఉంచింది. ఒక్కొక్క అట్టే తీస్తుంది. తీసిన ప్రతిసారీ కొంతసేపు ఎవరూ మాట్లాడకూడదు, చూడాలి. ఆ తరువాత కనిపించినదే చెప్పాలి. కనిపించనిది చెప్పిన పిల్లవాడు లేచి, ఫోటోలోని ఎవరో ఒకరిలా బిగుసుకుని నిలబడాలి. ఆమె టీ కప్పు ఖాళీ అయ్యేదాకా కదలకూడదు. ఫిర్యాదులలోని నిశ్శబ్దం మొదటి భాగానిది, నవ్వులు రెండో భాగానివి అని నాకు అర్థమైంది.

ఆ రోజు ఫోటోలో ఓడ దిగి రేవులో వరుస కట్టిన కూలీలు ఉన్నారు. తలపాగాలు, మూటలు, ఒకరి చేతిలో ఇత్తడి చెంబు. కోగిలన్ అనే పిల్లవాడు, మాటకు ముందుండేవాడు, వెంటనే లేచాడు.

"పాపం, అందరూ ఏడుపు మొహాలతో ఉన్నారు చేగూ."

మా దేశంలో పిల్లలందరికీ గురువు చేగువే, ఆడైనా మగైనా.

"ఏడుపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించు," అంది లియోంగ్.

వాడి వేలు ఒక మొహం మీదినుంచి ఇంకో మొహం మీదికి తిరిగి, చివరికి జేబులోకి పోయింది. శిక్ష పడింది. వరుసలో మూడో మనిషిలా నిలబడ్డాడు. ఆమె టీ తాగడంలో ఎప్పుడూ లేనంత నిదానం చూపింది. వాడి పెదవులు వణికాయి, తరగతి అంతా ఘొల్లుమంది. వదిలేశాక, అంతసేపూ నీ మొహంలో ఏముందిరా అని అడిగింది.

"ఏమీ లేదు చేగూ. కదిలితే మళ్లీ మొదలంటారని బిగబట్టాను."

"వాళ్లూ అంతే కావచ్చు. ఆనాటి కెమెరా ముందు కదిలితే బొమ్మ చెడిపోయేది. వాళ్లకు దుఃఖం లేదని నేననను. అది ఈ ఫోటోలో లేదు. ఉంటే ఇంకెక్కడ దొరుకుతుందో వెతుకుదాం."

నేను లేచి వచ్చేశాను. లెక్కల మాస్టరుకు ఆ గదిలో చప్పుడైనా, చప్పుడు లేకపోయినా పాఠం జరుగుతున్నట్టే లెక్క అని చెప్పాను.

లియోంగ్ తగరపు గనుల ఊరినుంచి వచ్చిన మనిషి. వాళ్ల అమ్మమ్మ వాగులో మోకాలిలోతు నీళ్లలో వంగి, చెక్కపళ్లెంలో ఇసుక తిప్పి తగరం ఏరేది. ఆ వాగులో అలా వంగిన ఏడుగురు స్త్రీల ఫోటో ఒకటి లియోంగ్ గదిలో మంచం ఎదురుగా ఉండేది. ఏడుగురికీ వెడల్పాటి టోపీలు, వాటిమీద గుడ్డలు, ఒక్క మొహమూ కనిపించదు. వీళ్లలో మీ అమ్మమ్మ ఎవరని మా ఆవిడ ఒకసారి అడిగింది. తెలియదు, అందుకే సమాధుల పండుగనాడు ఏడుగురికీ దండం పెడతాను, ఆరుగురు అమ్మమ్మలు అదనంగా దొరికారు అని నవ్వింది. మూతబడిన స్టూడియోలు తిరిగి పాత ఫోటోలు తెచ్చుకునేది. ఎర్రదారం కట్టిన భూతద్దం మెడలో వేసుకునే బడికి వచ్చేది. అన్న నడిపే కాఫీ దుకాణం పైగదిలో ఉండేది. తరగతిలో పనికొచ్చే ఫోటో దొరికిన రోజు మాత్రం మధ్యాహ్నం భోజనం మరచిపోయేది.

పాఠశాలకు యాభై ఏళ్లు నిండిన సంవత్సరం, రోడ్డువైపు గోడమీద ఒక పెద్ద చిత్రం వేయించాలని కమిటీ నిర్ణయించింది. ఏ చిత్రమన్న దానిమీద వాదన రాలేదు. సుంగై లాంపాం ఎస్టేటు హాల్లో, వేదికపైన ఎత్తున వేలాడే ఫోటో ఒకటుంది. రబ్బరు చెట్ల ముందు గీత కత్తులు పట్టుకుని నిలబడిన ఐదుగురు స్త్రీలు, వాళ్ల వెనక కోటు వేసుకున్న కూలీల మేస్త్రీ, కంగాణీ, దూరాన రబ్బరు షీట్లు ఆరబెట్టడానికి కొత్తగా కట్టిన పొగగది కప్పు. అసలు ఫోటో ఎస్టేటు ఆఫీసులో ఉండి యుద్ధంలో జపాను వాళ్లు మా దేశాన్ని ఏలిన కాలంలో పోయింది. తరువాత ఎన్నో ఏళ్లకు దాని నెగెటివ్, గాజుపలక ఒకటి, స్టూడియోలో బయటపడితే, దానినుంచి ఈ పెద్ద బొమ్మ తీయించి హాల్లో పెట్టారు. ఇప్పుడు ఎస్టేటులో రబ్బరు లేదు, అంతా ఆయిల్ పామ్. లైన్లు అనే పాత కూలీల వరుస ఇళ్లలోని కుటుంబాలు ఊరి అంచున చిన్న ఇళ్లు కట్టుకున్నాయి.

ఆ ఇళ్లలో ఒకటి అప్పలనరసమ్మది. పొగగది కట్టిన సంవత్సరమే ఆమె పుట్టింది. పుట్టిన వారానికి తల్లి పోయింది. తల్లికి వేరే ఫోటో లేదు. ఆఫీసులో ఫోటో ఉన్న రోజుల్లో దాన్ని చూసిన తండ్రి, చిన్నతనంలో ఆమెకు ఒక్క మాట చెప్పాడు. మీ అమ్మ ఎడమ చివరనుంచి రెండో మనిషి అని. పద్దెనిమిదేళ్ల కిందట హాల్లో పెద్ద బొమ్మ పెట్టేనాటికి ఆయన లేడు. ఆమె వెళ్లి, ఎడమ చివరనుంచి రెండో స్త్రీని చూసుకుని వచ్చింది. చిన్న ప్రతి ఒకటి చేయించి దేవుడి గూట్లో పెట్టుకుంది. ప్రతి శుక్రవారం ఆ మొహానికి బొట్టు పెట్టి మల్లెపూలు ఉంచుతుంది.

గోడమీద తన తల్లిని వేస్తారని తెలిసి ఆమె బడికి వచ్చింది. సినిమా బ్యానర్లు రాసే చెన్, ఊళ్లో అందరూ 'ఆ చెన్' అని పిలిచే చిత్రకారుడు, పటానికి గళ్లు గీసుకుంటున్నాడు. ఆమె అతనితో కాక లియోంగ్‌తో మాట్లాడాలని పక్కకు పిలిచింది. నేను అక్కడే ఉన్నాను కనుక విన్నాను.

"సిన్న మాట, పంతులమ్మా. మా అమ్మ మొకం కొంచెం మెత్తగా ఎయ్యమని సెప్పు. ఆ కోపం తగ్గించీమను."

కోపం ఎందుకనుకుంటున్నారని లియోంగ్ అడిగింది.

"సూడు మరి, ఆ పెదాలు ఎలా బిగించినాదో. నన్ను కనీసి సచ్చిపోనాది. కోపం ఉండదేటి? గూట్లో అయితే నానూ అదీ సూసుకుంటాం. రోడ్డుమీద అందరూ సూస్తారు కదా."

ఆమె ఈ మాట నవ్వుతూనే అంది. కాని ఆరు పదులు దాటిన మనిషి, తల్లి మొహంలో తనమీద కోపాన్ని ఇన్నేళ్లుగా బొట్టు పెట్టి పూజిస్తోందని నాకు అప్పుడే తెలిసింది. ఏడుపు చూపించలేదని పిల్లవాణ్ణి నిలబెట్టిన మనిషి, లేని చిరునవ్వును గోడమీద ఎలా వేయిస్తుంది? వేయించకపోతే ఆ కోపాన్ని ఇంతను అంత చేసి రోడ్డు పక్కన నిలబెట్టినట్టవుతుంది. లియోంగ్ వారం గడువివ్వమని అప్పలనరసమ్మను అడిగింది. రంగులు కలపవద్దని ఆ చెన్‌కు చెప్పింది.

మరునాడు తరగతిలో ఆ ఎడమనుంచి రెండో స్త్రీని చూపించి ప్రశ్న పెట్టింది. ఈమె కోపంగా ఉందా, కెమెరా కోసం బిగబట్టిందా? ఎలా తెలుసుకుంటాం? నిలబడి చూస్తేనే తెలుస్తుందని కోగిలన్ అన్నాడు. ఆ విషయంలో వాడికి అనుభవం ఉంది. నిలబడాలంటే రబ్బరు చెట్టు కావాలి, కత్తి కావాలి. తరగతి మొత్తంలో ఇంకా రబ్బరు గీసే, అంటే చెట్టు బెరడుమీద గీత పెట్టి పాలు తీసే ఇల్లు ఒక్కటే, మస్తురా అనే అమ్మాయి వాళ్ల తాతది. వాళ్ల కాంపుంగ్, అంటే పల్లె, వెనక చిన్న తోట ఉంది. శనివారం ఉదయం లియోంగ్ అందరినీ అక్కడికి తీసుకెళ్లింది. మస్తురా వాళ్ల అమ్మమ్మ అందరికీ అరటిపండు బజ్జీలు వేసి పెట్టిందనీ, చరిత్ర మొదలయ్యేసరికి సగం తరగతికి చేతులు జిడ్డయ్యాయనీ నాకు తరువాత చెప్పారు.

ఎడమనుంచి రెండో స్త్రీ వేషం మస్తురాకే ఇచ్చారు. ఫోటోలోలాగే కత్తి ఎడమచేత పట్టుకుని, చెట్టు పక్కన నిలబడి, గీతకు ఆనించబోయి ఆగిపోయింది. ఫోటో మళ్లీ చూపించమంది. చూసి, చెట్టు చూసి, తాత వైపు తిరిగింది.

"చేగూ, ఈ ఫోటోలో పాలు అటు కారుతున్నాయి."

"ఎటు?"

"తప్పు వైపు."

తాత గీసిన ప్రతి చెట్టుమీదా గీత ఎడమవైపు పైన మొదలై, వాలుగా దిగి, కుడివైపు కిందికి వస్తుంది. అక్కడే పాలు పట్టే చిప్ప ఉంటుంది. ఫోటోలో అన్ని చెట్ల మీదా గీత కుడివైపు పైనుంచి ఎడమకు దిగుతోంది. అలా కూడా గీస్తారా అని లియోంగ్ తాతను అడిగింది. గీస్తే చెట్టేమీ అనదు, పాలు తక్కువిస్తుంది, తక్కువైతే దొర ఊరుకోడు అని చెప్పి ఆయన తన పనిలోకి వెళ్లాడు.

ఆ హాలులో ఏళ్ల తరబడి ఎన్నో పెళ్లిళ్లు, సంతాపసభలు జరిగాయి. చిన్నప్పటినుంచి రబ్బరు గీసిన వందలమంది ఆ బొమ్మకింద కూర్చుని భోజనం చేశారు. వాళ్లలో ఎవరికి చూపించినా గీత తప్పని చెప్పగలరు. కాని వాళ్లంతా అక్కడ తల్లులను చూశారు, అత్తలను చూశారు. చెట్లను ఎవరూ చూడలేదు. రోజూ తెల్లవారుజామునుంచి చూసే చెట్టును సెలవునాడు కూడా ఎవరు చూస్తారు?

సోమవారం లియోంగ్, వెంట కోగిలన్, మస్తురా నా గదికి వచ్చారు. బొమ్మ తిరగబడి అచ్చయిందని వాళ్ల వాదన. గాజుపలకను తలకిందులుగా కాదు, వెనుకవైపు ముందుకు పెట్టి తీశారన్నమాట. అదే నిజమైతే ఎడమ కుడి అవుతుంది, ఎడమనుంచి రెండో మనిషి కుడినుంచి రెండో మనిషి అవుతుంది.

నేను తొందరపడలేదు. ఒక తల్లి మొహాన్ని మార్చమనే వాదన అది. అప్పలనరసమ్మకు ఒకసారి చెప్పాక మళ్లీ వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆ ఎస్టేటులో ఆ రోజుల్లో గీత అలాగే గీసేవారేమో అన్నాను. మస్తురా సంచిలోంచి అదే ఎస్టేటువి, ఆ కాలానివే, వేరే ఫోటోలు తీసి బల్లమీద పరిచింది. అన్నిటిలోనూ గీత తాత గీసినట్టే ఉంది. ఒక్క సాక్ష్యం చాలదు, చెట్టుతో సంబంధం లేనిది ఇంకొకటి కావాలన్నాను. కోగిలన్ భూతద్దం అడిగి తీసుకుని, కంగాణీ కోటు మీద వేలు పెట్టాడు. జేబు కుడి రొమ్ము మీద ఉంది, గుండీలు ఆడవాళ్ల రవికెలకు ఉన్న వైపు ఉన్నాయి. దర్జీ పొరపాటు కావచ్చన్నాను.

"అయితే సర్, ఐదుగురూ ఎడమచేతివాటం వాళ్లేనా?" అన్నాడు వాడు. "ఐదుగురికీ పైట కుడిభుజం మీదే ఉంది. దర్జీ, చెట్లు, ఆడవాళ్లు అందరూ కలిసి ఒకేరోజు పొరపాటు చేశారా?"

లియోంగ్ తన చేతిసంచిలోంచి చిన్న అద్దం తీసి ఫోటో పక్కన నిలబెట్టింది. నేను కళ్లజోడు సవరించుకుని అద్దంలోకి చూశాను. కంగాణీ జేబు గుండెమీదికి వచ్చింది. పైటలు ఎడమభుజాల మీదికి వెళ్లాయి. ఐదు కత్తులూ కుడిచేతుల్లో ఉన్నాయి. చెట్ల మీద పాలు దిగవలసిన వైపుకే దిగుతున్నాయి. ఒక్కటే కారణం అన్నిటినీ సరిచేస్తున్నప్పుడు, వేరు వేరు కారణాలు వెతకడం మొండితనం. వాదన నిలిచిందని చెప్పాను. పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నా గదిలో నవ్వకూడదని వాళ్లకు తెలుసు. వరండా దాటాక వినిపించింది.

చెప్పాలా వద్దా అన్నది మిగిలింది. పద్దెనిమిదేళ్లు బొట్టు పెట్టిన మొహాన్ని కాదనడం చిన్న విషయం కాదన్నాను. లియోంగ్ నాతో ఏకీభవించింది. తరువాత నెమ్మదిగా, "మనం చెప్పకపోతే ఆ చెన్ గోడమీద చెబుతాడు సర్. తప్పు చెబుతాడు. అది వాన పడినా పోదు," అంది.

స్టూడియోలో గాజుపలకను సరైన వైపు పెట్టించి కొత్త ప్రతి తీయించింది. దీపావళి దగ్గరికొచ్చింది. మేము వెళ్లేసరికి అప్పలనరసమ్మ వరండాలో జంతికలు వత్తుతోంది. పక్కింటి మునియమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, నీ జంతికలు తాడులా ఉన్నాయి, ఆవును కట్టొచ్చు అని వేళాకోళం చేస్తోంది. మునియమ్మ తమిళావిడ. ఇద్దరూ లైన్లలో గోడకు గోడ ఆనించి బతికినవాళ్లు, కరివేపాకు మొక్క దగ్గరనుంచి రేడియో దాకా అన్నిటికీ పోట్లాడుకున్నవాళ్లు. ఆ ఫోటోలో ఆమెకూ ఒక మనిషి ఉంది. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న ఆమె భర్త ఆఫీసులోని పాత ఫోటో చూసినవాడు. హాల్లో బొమ్మ పెట్టకముందే పోయాడు, పోయేలోగా చెప్పాడు, మా అమ్మ కుడినుంచి రెండోది అని. చూడని అత్త అయినా, ఆ అత్త కోపం గురించి మొగుడు చెప్పిన కథలతో మునియమ్మ సంసారమంతా గడిచింది. హాల్లో కుడినుంచి రెండో స్త్రీ నవ్వుతూ కనిపిస్తే, నన్ను చూసి వెక్కిరిస్తోందని ఆమె ఆ ఫోటోకు ఒక్క పువ్వు కూడా పెట్టలేదు.

లియోంగ్ ఏ ఉపోద్ఘాతమూ చెప్పలేదు. కొత్త ప్రతిని అప్పలనరసమ్మ ముందు చాపమీద పెట్టి, మీ నాన్న చెప్పిన మనిషిని వేలు పెట్టి చూపించమంది. ఆమె చేయి తుడుచుకుని, అలవాటుగా ఎడమనుంచి రెండో మనిషి మీద వేలు పెట్టింది. పెట్టి, వేలికింద చూసింది.

"ఈవిడ కాదు కదా."

కోగిలన్ అద్దం తీశాడు. చెట్లు, కత్తులు, పైటలు, జేబు, ఒక్కొక్కటీ ఎంతో మర్యాదగా చెప్పాడు. మస్తురా గీత గురించి చెప్పింది. అప్పలనరసమ్మ మధ్యలో ఒక్కసారే మాట్లాడింది. "అవునే. గీత అలాగేటి ఉంటది? నాను నలబై ఏళ్లు గీసినాను," అంది.

వత్తుతున్న జంతికల గొట్టాన్ని పక్కన పెట్టేసింది. తొందరపడ్డామేమో అని నాకు అనిపించింది. మునియమ్మ పొయ్యి దగ్గరనుంచి ముందుకు జరిగింది.

"ఉండక్కా. అంటే ఇన్నేళ్లూ నువ్వు బొట్టు పెట్టి, పూలు పెట్టి మొక్కింది మా అత్తకా?"

అప్పలనరసమ్మ ఆమె వైపు తిరిగింది.

"అందుకే చచ్చినా ఆవిడ పోరు తగ్గలేదు నాకు," అంది మునియమ్మ. "నువ్వు మేపుతుంటే ఎలా తగ్గుతుంది? ఆ మొహం చూస్తే తెలియలేదూ, అది అత్త మొహమని?"

"ఒలే, నాకేటి తెలుసు, మీ అత్త నా గూట్లో కాపరం ఎట్టీసినాదని?" అంది అప్పలనరసమ్మ. నవ్వు ఎవరికి ముందు వచ్చిందో చెప్పలేను. జంతికల పిండి మీద పడి ఇద్దరూ కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. మునియమ్మ అత్తకు నిజంగా కోపం ఉందా, కదలకుండా నిలబడిందా అని కోగిలన్ న్యాయంగానే అడిగాడు. కోపమే, సాక్ష్యం నేనున్నాను అని మునియమ్మ వాడి నోట్లో జంతిక పెట్టింది.

అప్పుడు అప్పలనరసమ్మ భూతద్దం అడిగింది. కొత్త ప్రతిలో ఎడమనుంచి రెండో స్త్రీ మొహం కొంచెం చెదిరి ఉంది. ఐదుగురిలో కదిలింది ఆమె ఒక్కతే. చాలాసేపు చూసి, "నవ్వుతంది," అంది.

"ఎక్కడమ్మా?" కోగిలన్ అలవాటు కొద్దీ అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమెకు కోపం రాలేదు. వేలు పెట్టి చూపించింది. "ఇదిగో. పళ్లు."

వాడు వంగి చూశాడు. "ఉన్నాయి చేగూ," అన్నాడు.

"ఎందుకు నవ్వినాదో?"

"అది ఫోటోలో లేదమ్మా," అంది లియోంగ్.

అప్పలనరసమ్మ భూతద్దాన్ని కొంచెం కిందికి జరిపింది. ఆ స్త్రీ చీర మిగతావాళ్లకంటే పైకి కట్టి ఉంది. కత్తి లేని చేయి నడుముకు ముందువైపు ఆనించి ఉంది.

"లేకపోతే నాను సెప్తాను. పొగగది కట్టినప్పుడు కదా ఇది. నాను కడుపులో తన్నుంటాను. దొర కదలొద్దన్నాడు, నాను తన్నీసినాను. ఇంక నవ్వదేటి?"

పనిలోకి వెళ్లే స్త్రీలు బురద అంటకుండా చీర పైకి కట్టడం మామూలే. నడుము మీద చేయి వేసుకుని నిలబడడమూ మామూలే. ఆ ఫోటో ఏ నెలలో తీసిందో చెప్పే ఆధారం ఇప్పటివరకు దొరకలేదు. ఇదంతా నాకు తెలుసు, లియోంగ్‌కు నాకంటే బాగా తెలుసు. కోగిలన్ పంతులమ్మ వైపు చూశాడు, ఇప్పుడు అడగాలా అన్నట్టు. లియోంగ్ భూతద్దాన్ని అప్పలనరసమ్మ చేతిలోనే వదిలేసి, పొయ్యి దగ్గరికి జరిగి, మునియమ్మ చేతిలోని గరిటె అందుకుంది. వేలు పెట్టి చూపించమని అడగలేదు.

గోడమీద ఆ చెన్ ఐదుగురినీ వేశాడు, గీతలు సరైన వైపు వాలేటట్టుగా. చెదిరిన మొహాన్ని ఎలా వేయాలో తెలియక రెండురోజులు తంటాలు పడి, చివరికి చెదిరినట్టే వేశాడు. దూరంనుంచి చూస్తే ఆమె అప్పుడే అటు తిరగబోతున్నట్టుంటుంది. బస్సు దిగిన ప్రతిసారీ అప్పలనరసమ్మ అక్కడ కాసేపు నిలబడేది. అటువైపు నడిచే పిల్లలకు, ఇందులో ఇద్దరం ఉన్నాం అని చెప్పేది.

దీపావళి ముందురోజు, పోయినవాళ్లకు విస్తరి వేసే వేళ, లియోంగ్ బిస్కట్ల డబ్బా పట్టుకుని అప్పలనరసమ్మ ఇంటికి వెళ్లింది. దేవుడి గూట్లో రెండు విస్తళ్లు ఉన్నాయట. రెండోది ఎవరికని అడిగితే, "మునియమ్మ అత్తకి. ఇన్నేళ్లు ఎట్టీసి ఇప్పుడు మానీస్తే ఊరుకుంటాదేటి?" అన్నదట. ఆ సాయంత్రం లియోంగ్ ఇల్లు చేరి, తన ఏడుగురు అమ్మమ్మల ముందు అప్పలనరసమ్మ ఇచ్చిన ఏడు జంతికలు పెట్టానని మరునాడు నాతో చెప్పింది. అవి నిజంగానే తాళ్లలా ఉన్నాయి, ఒక్కటి కూడా విరగలేదు సర్ అని.